యాదమ్మ కుడికాలు

"చంపుతవా ఆ పిలగాన్ని? చెప్పు, చంపుతవా?"

"నోరు మూస్తవా లేదా? రోడ్డు మీదికి వినవడ్తుంది."

"వినవడనియ్యి. నార్సింగి అంతా వినవడనియ్యి. రేపు తెల్లారంగనే గా బండి తీస్కొని ఘాటు ఎక్కుతనంటుండు వాడు. డెబ్బై మలుపులంట. పక్కన చెల్లెను గూడ కూసోవెట్టుకుంటడంట. నువ్వేమో సెట్టయితది, సెట్టయితది అనుకుంట తిరుగుతున్నవు. వారం దినాలాయె, ఏం సెట్టయింది? నా కాలుకు ఒప్పుతలేదని మొత్తుకుంటున్న."

"నీ కాలు! ముప్పై ఏండ్ల సంది బండ్లు ఇప్పుతున్నది నేనా, నీ కాలా?"

రేకుల గోడకి ఇవతల, పాలిథిన్ కవరులో కట్టించిన టీ వేలాడేసుకుని నిలబడ్డ అవినాష్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవుల్లో గుయ్‌మని మోత మొదలైంది. రేపు తెల్లారి ఘాటెక్కేవాడు, పక్కన చెల్లెలిని కూర్చోబెట్టుకునేవాడు ఈ షెడ్డు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. చచ్చిపోతాడంటున్నది తన గురించే. అదీ రేపో ఎల్లుండో.

కోపం రావాల్సింది. రాలేదు.  వేడి టీ కవరు పిక్కకి తగిలి చురుక్కుమనేదాకా అక్కడే కొయ్యలా నిలబడి ఉన్నాడు.

ఏడు నెలలుగా రోజూ వస్తున్న షెడ్డు అది. అవుటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్డు వదిలి రెండు సందులు లోపలికొస్తే, కొద్దిగా పల్లంగా ఖాళీ జాగాలోకి దిగే దారి, ఆ దారి మొదట్లోనే రేకులు. బోర్డు లేదు. మల్లయ్య షెడ్డని తెలిసినవాళ్ళే వస్తారు. పెద్ద పెద్ద సర్వీసు సెంటర్లలో కంప్యూటరు తగిలించి చూసి పెదవి విరిచేసిన బళ్ళన్నీ ఆఖరికి ఇక్కడికే చేరతాయి. అవినాష్ కారూ అలా చేరిందే.

ఎర్రటి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. జపాన్‌లో తయారైంది, వయసులో అవినాష్ కంటే నాలుగేళ్ళు పెద్దది. ఎవరో డబ్బున్నాయన సరదాపడి తెప్పించుకుని, సరదా తీరాక మణికొండలో ఒక అపార్టుమెంటు సెల్లార్లో పట్టా కప్పి మర్చిపోయాడు. పదకొండేళ్ళు దాని మీద పిల్లులు ఈనాయి. పాత కార్లమ్మే చోట ఫోటోలు తీసే పని చేస్తున్న అవినాష్ కంట పడటం దాని అదృష్టమో, అతని ఖర్మో.

అవినాష్ ఇంజనీరింగు మూడో ఏడాదిలో మానేశాడు. ఎందుకని అడిగినవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాడు. అసలు సంగతి, కూర్చోలేకపోయాడు. అంతే. వాళ్ళ నాన్న భీమేశ్వరరావుగారు నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటు. అమలాపురం నుంచి వచ్చి శేరిలింగంపల్లిలో ఇల్లు కట్టుకున్న మనిషి. కొడుకుతో ఏదైనా చెప్పాల్సివస్తే, వాడు ఎదురుగా ఉన్నా సరే, భార్య వైపు తిరిగి "వాడికి చెప్పు" అంటారు. ఇంట్లో మామూలుగా మాట్లాడేది చెల్లెలు అనూష ఒక్కతే. కాలేజీ తర్వాత అవినాష్ పట్టుకున్నవన్నీ సగంలో వదిలేశాడు. జిమ్ము, గిటారు, రెండు ఉద్యోగాలు. ఈ కారొక్కటే వదల్లేదు. దీన్ని బెంగళూరు, సేలం మీదుగా తొమ్మిది వందల కిలోమీటర్లు తోలుకెళ్ళి, తమిళనాడులో కొల్లి కొండల డెబ్బై హెయిర్‌పిన్ మలుపులూ ఎక్కించి, దించి, తిరిగి ఇంటి ముందు పెట్టాలి. పట్టింది ఒక్కటైనా పూర్తిచేశానని అప్పుడు తనకు తాను చెప్పుకోవచ్చు. నాన్నకి కూడా చెప్పొచ్చు, అమ్మ ద్వారా.

రేకు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"ఏమైంది పెద్దమ్మా? నా బండికేమైంది?"

మల్లయ్య గబుక్కున స్పానరు తీసుకుని ఏదో పని ఉన్నట్టు వంగాడు. "ఏం గాలే బిడ్డా. దీనికి పని లేదు, నోరు దురదవెడ్తుంది."

మల్లయ్య భార్య యాదమ్మ చీర కొంగు నడుముకి దోపుకుని కారు పక్కనే నిలబడి ఉంది. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, నీలంరంగు హౌస్‌కీపింగ్ కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. "బ్రేకు నొక్కి సూడు. నొక్కినంక ఎట్ల ఎనుకకు వస్తదో సూడు."

"నిన్న కోకాపేట దాకా వెళ్ళొచ్చాను కదా పెద్దమ్మా. బ్రేకు బ్రహ్మాండంగా పడుతోంది. పెడలు రాయిలా ఉంది."

"నేను జెప్పేది గదే! రాయి లెక్క ఎందుకుండాలె? మొన్న నొక్కితె మెత్తగ పోయి గట్టిగ ఆగింది. ఇయ్యాల పోవుడే లేదు. ఇడిస్తె లేస్తలేదు, బద్ధకంగ లేస్తుంది, ముసల్ది మంచంల నుంచి లేసినట్టు."

"కొత్త రబ్బర్లు," అన్నాడు మల్లయ్య బానెట్ లోపలి నుంచి. "కొత్త రబ్బర్లు గట్లనే ఉంటయి. చెప్తె ఇనదు. ఈమె ఏమన్న బండి నడిపిందా ఎన్నడన్న?"

ఆ మాట అవినాష్‌కి నిజమే అనిపించింది. తర్వాత సిగ్గుపడ్డాడు గానీ, ఆ క్షణాన అనిపించింది మాత్రం అదే. ఏడు నెలల్లో అతని లెక్కలో మెకానిక్ అంటే మల్లయ్య ఒక్కడే. యాదమ్మ అంటే పెడలు నొక్కే మనిషి.

బ్రేకుల్లో గాలి చేరితే దాన్ని తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు కారు కింద పడుకుని చక్రం దగ్గరున్న చిన్న మరను వదులు చేసి, బుడగలు పోయాక బిగిస్తారు. ఇంకొకరు సీట్లో కూర్చుని చెప్పినప్పుడు పెడలు నొక్కి పట్టాలి, చెప్పినప్పుడు వదలాలి. ముందు వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. యాదమ్మ పని ఆ రెండోది.

ఆమెది వట్టినాగులపల్లి. పదిహేడో ఏట పెళ్ళై బాలానగర్ వచ్చింది. అప్పట్లో మల్లయ్య అక్కడ లారీల గ్యారేజీలో పనివాడు. కాపురానికొచ్చిన రెండో నెలలో ఒక రోజు అన్నం గిన్నె ఇవ్వడానికి వెళ్తే, గ్యారేజీలో సమయానికి వేరే మనిషి లేడు. "గిది నొక్కి పట్టు. ఇడువుమన్నప్పుడు ఇడువు" అని లారీ ఎక్కించాడు. అంత ఎత్తు సీటు చూసి ఏడుపొచ్చిందట. ఎక్కింది, నొక్కింది, ఆ రోజు నుంచి ఆ పని ఆమెదే అయిపోయింది. మాదాపూర్‌లో మొదటి షెడ్డు వేసుకున్నప్పుడూ ఆమే, అక్కడ బిల్డింగు లేచి కొండాపూర్‌కి మారినప్పుడూ ఆమే. కొండాపూర్ నుంచి గచ్చిబౌలి, గచ్చిబౌలి నుంచి నార్సింగి. ప్రతిసారీ అవే రేకులు విప్పి ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి, అవే మేకులతో కొట్టుకున్నారు. కడుపుతో ఉన్నప్పుడు తొమ్మిదో నెల దాకా నొక్కింది. ఆ కూతురు కృష్ణప్రియ ఇప్పుడు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియను.

పొద్దున ఆరు నుంచి రెండు దాకా యాదమ్మ ఒక ఐటీ టవరులో తొమ్మిదో అంతస్తు ఊడ్చి తుడుస్తుంది. రెండున్నరకి షెడ్డుకొస్తుంది. వచ్చేటప్పుడు రెండు చేతుల్లో రెండు క్యాన్లు. ఏసీల నుంచి కారిన నీళ్ళు. ఇక్కడి బోరు నీళ్ళు పోస్తే రేడియేటరు నాలుగు నెలల్లో ఉప్పు పట్టి మూసుకుపోతుంది. ఏసీ నీళ్ళలో ఉప్పుండదు. ఆ సంగతి కనిపెట్టింది కూడా ఆమేనని మల్లయ్యే ఒకసారి నోరుజారి చెప్పాడు. మీటింగు గదుల్లో సగం తాగి వదిలేసిన నీళ్ళ సీసాలూ తెస్తుంది. పెద్ద డబ్బాల్లోని నూనెలన్నీ వాటిలోకే వంచి అరల్లో పెట్టుకుంటారు. మల్లయ్యకి చదువు రాదు, దగ్గర చూపు కూడా మందగించింది. సీసాలన్నీ ఒకటే రకం. బ్రేకు నూనె, కారు పైకెత్తే జాకీలో పోసే నూనె, రెండూ చూడటానికి ఒకే లేత పసుపు. అందుకని బ్రేకు నూనె సీసా మెడకి మాత్రం యాదమ్మ పసుపు దారం కడుతుంది. ఆ ఒక్కదానికే ఎందుకని అవినాష్ అడిగితే, "బ్రేకు సక్కగుంటెనే ఇంట్ల ఆడిదాని మెడల పసుపు తాడుంటది గద బిడ్డా" అంది.

ఇవన్నీ అవినాష్‌కి తెలుసు. తెలిసీ, ఆమె కాలు చెప్పే మాట వినొచ్చన్న ఆలోచన మాత్రం అతనికి ఎప్పుడూ రాలేదు.

"వాదన ఎందుకు? ఒక రౌండు వేసొస్తాను" అని తాళం తీసుకున్నాడు. బండి బాగానే ఉందని నిరూపించడానికే వెళ్ళాడు, తేల్చుకోవడానికి కాదు.

"సూసి పో" అంది యాదమ్మ. మల్లయ్య బానెట్ మూసి, అటు తిరిగి స్పానర్లు సర్దుకున్నాడు. ఆ తిరగడం అవినాష్‌కి నచ్చలేదు.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు వైపు తిరిగాడు. ఆఫీసులు వదిలే వేళ. ముందు క్యాబులు, వెనక క్యాబులు, మధ్యలో ఎర్ర కారుని ఫోనుల్లో ఫోటోలు తీసేవాళ్ళు. పది నిమిషాలు బాగానే ఉంది. బ్రేకు పట్టింది, వదిలింది. చూశావా అనుకున్నాడు. ఇంకో ఐదు నిమిషాలకి కారు బరువెక్కినట్టయింది. ఆక్సిలరేటరు ఎంత తొక్కినా, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టుగా ఉంది. ట్రాఫిక్కులే అని సర్దిచెప్పుకున్నాడు. యూ టర్న్ దగ్గర ఆగి, దారి దొరికాక క్లచ్చు వదిలితే ఇంజను ఎగిరిపడి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశాడు, మళ్ళీ ఆగింది. కారు అంగుళం కదల్లేదు.

వెనక హారన్ల మోత. ఒక క్యాబు డ్రైవరు దిగొచ్చి అద్దం మీద కొట్టాడు.

"అన్నా, హ్యాండ్‌బ్రేకు తియ్యరాదే."

"వేస్తే కదా తీయడానికి!"

"మరి గా పొగేంది?"

ముందు చక్రాల రెండింటి నుంచీ సన్నగా తెల్లటి పొగ. రబ్బరు కాలిన కంపు. అవినాష్ దిగి వంగి చూసేలోపే డ్రైవరు తన సీసాలో నీళ్ళు రెండు చుక్కలు చక్రం మీద చిలకరించాడు. పెనం మీద పడ్డట్టు చుయ్ మన్నాయి. "ఏం బండి కొన్నవన్నా, దోశెలు పోస్కోవచ్చు దీని మీద" అని నవ్వాడతను. అవినాష్‌కి నవ్వు రాలేదు. బ్రేకులు పట్టుకుపోయాయి. పెడలు మీద కాలు లేకపోయినా పట్టుకునే ఉన్నాయి. నలుగురు కలిసి నెట్టినా కదల్లేదు.

డివైడరు మీద కూర్చున్నాడు. ఇక్కడ నేల చదును. అక్కడ ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ ఉండదు. పై నుంచి దిగేటప్పుడు ఇరవయ్యో మలుపులో పట్టుకుపోతే ఎటు తిరుగుతుందో, వేడికి లోపల నూనె మరిగితే అసలు పట్టకుండానే పోతుందేమో. పక్క సీట్లో అనూష. దారిలో వినడానికని వారం నుంచీ పాటలు ఏరి పెట్టుకుంటోంది. ఆ పాటల సంగతి గుర్తొచ్చాక ఫోను తీసి ఆమె పేరు దాకా వెళ్ళి, నొక్కకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

అరగంటకి చక్రాలు చల్లబడి, టక్కుమని వాటంతటవే వదిలాయి. సెకండు గేరు దాటకుండా, బ్రేకు మీద కాలు పెట్టకుండా, హ్యాండ్‌బ్రేకుతో నెట్టుకుంటూ తిరిగొచ్చాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సందు మొగలో నిలబడి ఉన్నారు. యాదమ్మ "నేను జెప్పలే?" అనలేదు. వేలు నీళ్ళలో ముంచి చక్రం మీద విదిలించింది. ఇంకా చుయ్ మంది. ఆ చప్పుడు విని మల్లయ్య ముఖం చూస్తే, ఎవరో పోయారన్న కబురు అందినట్టుంది.

"ఇప్పు" అంది యాదమ్మ.

మల్లయ్య విప్పాడు. బ్రేకు నూనె గిన్నె కింద ఉండే సిలిండరు ఊడదీసి, లోపలి రబ్బరు వాషరు బయటికి లాగాడు. లాగుతుంటే అది రాలేదు, ఇరుక్కుంది. బయటికొచ్చాక ముగ్గురూ దాని మీదికి వంగారు. వారం కిందట పెట్టెలోంచి తీసి అవినాష్ చేతికిచ్చినప్పుడు గట్టిగా, నున్నగా చొక్కా గుండీలా ఉన్న వాషరు, రాత్రంతా నానబెట్టిన శనగలా ఉబ్బి, మెత్తబడి ఉంది.

"దొంగ మాల్ ఇచ్చిండు నాకొడుకు" అన్నాడు మల్లయ్య.

"ఒక్క రబ్బరంటె దొంగ మాల్. చక్రాల కాడియి గూడ చూడు."

చక్రాల దగ్గరవీ అంతే. నాలుగూ.

మల్లయ్య రెండు వేళ్ళ మధ్య నూనె రాసుకుని చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. యాదమ్మ ఏసీ నీళ్ళ క్యాను మూత తీసి స్టీలు గ్లాసులోకి వంచి, "గిండ్ల ఒక చుక్క ఎయ్యి" అంది. బ్రేకు నూనె అయితే నీళ్ళలో కలిసిపోతుంది. వేరే నూనె అయితే తేలుతుంది. అవినాష్ గ్లాసు మీదికి వంగాడు. చుక్క పడింది. పడి, విచ్చుకుని, చిన్న పసుపు కన్నులా నీళ్ళ మీద తేలుతూ నిలబడింది.

"జాకీ నూనె" అన్నాడు మల్లయ్య.  "నేను బ్రేకులల్ల జాకీ నూనె పోసిన."

పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. ఆయన కూర్చోవడం చూసి అవినాష్‌కి కోపం అప్పుడు వచ్చింది, ఒక్కసారిగా, ఒంట్లో రక్తమంతా తలకెక్కినట్టు.

"ఏంటి ఉస్తాద్ ఇది? మా చెల్లెలు ఎక్కుతోంది ఆ బండి! ఏడు నెలలు మీ చేతుల్లో పెట్టాను. దారం చూసుకోలేదా? పసుపు దారం ఉన్న సీసా ఏది, లేని సీసా ఏది, అంత మాత్రం..."

"దారం చూసే పోసిన బిడ్డా. వానల తడిసి జలుబు వట్టింది, వాసన తెల్వలే. దారమైతె చూసిన. ఆమె కట్టిన దారం గదా అని పోసిన."

యాదమ్మ అరలో నుంచి రెండు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండింటి మెడలకీ పసుపు దారాలు. ఇంకో సీసా తెచ్చింది, గేరు నూనె. దానికీ ఉంది. బ్యాటరీ నీళ్ళ సీసాకీ ఉంది. చివరికి చేతులు కడుక్కునే సర్ఫు నీళ్ళ సీసాకీ ఉంది.

"నేను కట్టింది ఒక్కదానికి," అంది నిదానంగా. "గివన్నీ ఎవలు కట్టిన్రు?"

"దసరకు కట్టినట్టున్నరు" అన్నాడు మల్లయ్య తల ఎత్తకుండా. "పూజ అయినంక పనిముట్లకు కడ్తరు గద."

యాదమ్మ ఒక సీసా ఎత్తి కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "ఇది నా ముడి గాదు. నాది పూలు అల్లే ముడి. ఇది నీది గూడ గాదు, నీకు ఏస్తె పీటముడే." దారాన్ని గోటితో మీటింది. రెండు చెవులతో అందంగా విచ్చుకుని ఉంది ముడి. "గిదేందో బూటు లేసుకు ఏసే ముడి లెక్కున్నది."

ఎవరూ ఎవరినీ చూడలేదు. మల్లయ్య కాళ్ళకి చెప్పులున్నాయి. యాదమ్మ కాళ్ళకి అవీ లేవు. అవినాష్ మెల్లగా తల దించుకుని తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఎడమ బూటు మీద, కుడి బూటు మీద, అచ్చం అదే ముడి.

బ్రేకుల్లో నూనె పోయడానికి ముందు రోజు, దసరా పొద్దున, యాదమ్మ షెడ్డులో లేదు. పండక్కి సెలవు కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళకే, వాళ్ళ బాత్రూములు కడిగేవాళ్ళకి కాదు. తను కారుకి దండేసి, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి, గుమ్మడికాయ కొట్టాడు. మల్లయ్య పసుపులో ముంచిన దారపు ఉండ చేతికిచ్చి "పనిముట్లకు కట్టు బిడ్డా, నాకు దారం కండ్లకు ఆనుతలేదు" అన్నాడు. స్పానర్లకి కట్టాడు, జాకీకి కట్టాడు. దారం చాలా మిగిలిపోయింది. అరలో ఒక్క సీసాకే దారం ఉండి మిగతావి బోసిగా ఉంటే, అయ్యో వీటిని మర్చిపోయినట్టున్నారే అని అన్నిటికీ కట్టాడు. భక్తిగా కట్టాడు. ఆ ఒక్క దారం ఎందుకుందో యాదమ్మ చెప్పి ఉన్నా, ఆ క్షణాన గుర్తు రాక కట్టాడు. ఫోటో కూడా తీసి అనూషకి పంపాడు.

"నేనే" అన్నాడు. తన గొంతు తనకే ఎక్కడి నుంచో వచ్చినట్టు వినపడింది. "నేనే కట్టాను పెద్దమ్మా. మిగిలిపోయింది కదా అని..."

తిడతారనుకున్నాడు. తిడితే బాగుండేది. తను మల్లయ్య మీద అరిచిన అరుపు ఇంకా రేకుల్లో మోగుతున్నట్టే ఉంది అతనికి. కొండ మీద తననీ చెల్లెలినీ చంపి ఉండేది ఎవరో ఇప్పుడు తెలిసింది. మల్లయ్య కాదు.

మల్లయ్య చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "దారం నువ్వు కట్టినవు. పోసింది నేను. వాసన తెల్వనినాడు ఆమెను పిలిచి అడగాలె, అడగలే. ఆమె కాలు జెప్తె ఇనలే. ఇగ ఈ చేతులు పనికి రావు. ఈ బండి ఎవలకన్న ఇచ్చి చేపిచ్చుకో బిడ్డా. నేను ముట్ట."

"ముట్టకపోతె ఎవలు ముడ్తరు దీన్ని?" యాదమ్మ గొంతు లేచింది. "సర్వీసు సెంటరోడు ముడ్తడా? నువ్వు పోసినవు, వాడు కట్టిండు, నొక్కింది నేను. నాలుగు చక్రాలకు నేనే గద నొక్కిన! ముగ్గురం కలిసి చెడగొట్టినం. ముగ్గురం కూసొని ఏడుద్దామా, బాగ చేద్దామా?" అని, అవినాష్ వైపు తిరిగి, "నువ్వేందిరా గుడ్లప్పగిచ్చి సూస్తున్నవు? ఆ దారాలు ఇప్పు ముందుగాల. మంచి ముళ్ళేసినవు, నీ మొకం తీర్గ."

ఒక్కో దారం విప్పాడు. లాగితే ఒక్క లాగుకే ఊడొచ్చాయి. అంత తేలికైన ముడి.

ప్రయాణం ఆగింది. అనూషకి ఫోను చేసి జరిగినదంతా చెప్పాడు. ముందు నవ్వింది, తర్వాత మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంది, చివరికి "నేను వస్తాన్రా. వాళ్ళు సరే అన్నాకే బయల్దేరదాం" అంది. మర్నాడు ఉబ్బిన రబ్బర్లన్నీ కవరులో వేసుకుని అవినాష్ బాలానగర్ పోయాడు. సందుసందూ తిరిగి, కొలత చూసి ఇచ్చే పాత దుకాణం పట్టుకుని కొత్తవి తెచ్చాడు. చక్రాల దగ్గరికి వెళ్ళే రబ్బరు పైపులు కూడా నూనె తాగేశాయి, అవీ మార్చాలి. రెండు రోజులు ముగ్గురూ స్పిరిటుతో ప్రతి గొట్టమూ కడిగారు. మల్లయ్య ముట్టనన్నాడు గానీ, యాదమ్మ స్పానరు తప్పుగా పట్టుకుని నాలుగుసార్లు జార్చేసరికి ఆగలేక "ఇటు తే" అని లాక్కున్నాడు. ఆమె కావాలనే జార్చిందని అవినాష్‌కి అనుమానం. అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం కొత్త బ్రేకు నూనె పోశారు. పోసే ముందు మల్లయ్య వాసన చూశాడు, అవినాష్ చూశాడు, యాదమ్మ గ్లాసు నీళ్ళలో ఒక చుక్క వేసింది. చుక్క కరిగి మాయమైంది. అయినా ఇంకో చుక్క వేసి చూసింది.

"పెద్దమ్మా, ఈసారి నేను నొక్కుతాను" అన్నాడు అవినాష్.

"లే అవతలికి."

చెయ్యి కారు పైకప్పు మీద వేసి, నడుం వంచి, మూలుగుతూ ఆ జానెడెత్తు సీట్లోకి దిగింది. కాలికి అంటిన మట్టి చీర అంచుతో తుడుచుకుంది. కుడికాలు పెడలు మీద పెట్టి కళ్ళు మూసుకుంది.

"కొట్టు" అన్నాడు మల్లయ్య కారు కింద నుంచి. "కొట్టు. కొట్టు. పట్టు!"

పట్టింది. కింద బుడగలు బుసబుసమన్నాయి.

"ఇడువు."

వదిలింది. మళ్ళీ కొట్టు, మళ్ళీ పట్టు. వెనక ఎడమ చక్రం, వెనక కుడి, ముందు రెండూ. ఇద్దరి మధ్యా ఇంకో మాట లేదు. కొంతసేపయ్యాక మల్లయ్య "ఇడువు" అనడం కూడా మానేశాడు. ఆయన మర బిగించడం ఆమె కాలికి ఎలా తెలుస్తోందో, సరిగ్గా అప్పుడే వదులుతోంది. అవినాష్ నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. ఏడు నెలలు ఇది కళ్ళ ముందే జరిగింది. అప్పుడు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

చివరి చక్రం అయ్యాక మల్లయ్య కింద నుంచి పాక్కుంటూ వచ్చాడు. తుడుచుకోలేదు, లేవలేదు. నేల మీదే కూర్చుని ఆమె ముఖం వైపు చూశాడు. యాదమ్మ పెడలు నాలుగుసార్లు మెల్లగా నొక్కి వదిలింది. ఒకసారి గట్టిగా నొక్కి, పట్టి ఉంచింది, గుడిలో దండం పెట్టుకున్నంతసేపు.

"ఆఁ," అంది. "ఇప్పుడు ఒప్పింది."

మల్లయ్య ముఖం తిప్పుకుని గట్టిగా ముక్కు చీదాడు. జలుబు తగ్గి మూడు రోజులైంది.

"అయితే రేపు బయల్దేరతాం పెద్దమ్మా" అన్నాడు అవినాష్. ఏదో ఇవ్వాలనిపించింది, ఏమివ్వాలో తెలియలేదు. "కొల్లి కొండల నుంచి ఏం తెమ్మంటారు? మిరియాలు దొరుకుతాయి. తేనె దొరుకుతుంది, మంచిది."

"తేనె ఏం జేసుకోను? నాకు షుగరు."

"పోనీ ఇంకేదైనా. మీరు అడగండి, తెస్తాను."

యాదమ్మ దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద వేసి, అద్దంలోంచి బయటికి చూసింది. షెడ్డు గడప నుంచి దారి పల్లంగా దిగి ఖాళీ జాగాలోకి పోతోంది. అక్కడ అడ్డం ఏమీ లేదు.

"తెచ్చుడు గాదు బిడ్డా," అంది. కాలు ఇంకా పెడలు మీదే ఉంది. "పెండ్లయిన కాడి నుంచి నొక్కుతనే ఉన్న. లారీలు నొక్కిన, జీపులు నొక్కిన, కార్లు ఎన్నో లెక్కనే లేదు. అన్నీ ఆగి ఉన్నయే. నేను నొక్కంగ ఆగిన బండి ఒక్కటి గూడ లేదు. ఇంజను వద్దు, నాకు నడుపరాదు. నువ్వు, మీ ఉస్తాదు ఎనుకకు పోయి గీ పల్లంల జర గట్టిగ నూకుతరా? నేను ఆపుత."